ఎడమవైపు అర అంగుళం

కాజాలమ్మ నలభై ఏళ్ళుగా ఎడమవైపు మనిషి. ఆ టైలరు కొట్లో పొడుగాటి కటింగ్ బల్ల ఒకటి ఉంటే, దానికి ఎడమ పక్కన, కిటికీ కింద, ఆవిడ కుట్టుమిషను ఉంది. భర్త బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరిస్తాడు. ఆవిడ కూర్చుని కుడుతుంది. గుండీలు పట్టే కాజాలు ఆవిడంత సన్నగా కుట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు గనక కాజాలమ్మ అయింది. చిన్నప్పుడు పెట్టిన పేరొకటి ఉండాలి గాని, పిలిచేవాళ్ళు లేక అది ఎప్పుడో అలిగి వెళ్ళిపోయింది. భర్తను అందరూ మాస్టారు అంటారు. ఆయన బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు, కత్తెర పట్టిన మాస్టారు.

మాస్టారు తల తిప్పకుండా ఎడమ చెయ్యి చాచేవాడు. ఆవిడ అందులో సుద్దబిళ్ళ పెట్టేది. మళ్ళీ చాచేవాడు. కత్తెర పెట్టేది. ఏం కావాలని ఆవిడా అడగదు, ఇది కావాలని ఆయనా చెప్పడు. ఇలా ఏళ్ళకేళ్ళు గడిచిపోయాయి.

మాటా మాటా అనుకునేది ఒక్క టేపు దగ్గరే. గుడ్డ పొడుగ్గా ఉంటే కొలవడానికి ఇద్దరు కావాలి. ఆవిడ టేపు మొదట్లో ఉన్న ఇత్తడి ముక్కని ఎడమ అంచు మీద పట్టుకోవాలి, ఆయన రెండో కొస కుడి అంచు దాకా లాగాలి. "పట్టావా?" అంటాడాయన. "పట్టా" అంటుందావిడ. పట్టుకోవడం పట్టుకుంటుంది గాని, బొటనవేలు దాని మీద వేసి నొక్కేసరికి ఇత్తడి ముక్క అర అంగుళం లోపలికి జారుతుంది. పెళ్ళయిన మొదటి ఏడే, ఒక లాయరు గారు కొలతకిచ్చిన పాత కోటు ఇలా కొలిచి కుడితే కొత్తది అర అంగుళం కురచై, ఆయన చేతులు పైకెత్తితే నడుం కనపడింది. ఆనాటి నుంచీ మాస్టారు టేపు లాగడం, అనుమానంగా దాని వెంటే నడిచొచ్చి ఆవిడ బొటనవేలు ఎత్తి చూడడం, "అర అంగుళం మింగేశావే!" అనడం, "అయితే వేలు కోసి నీ కత్తెర పక్కన పెట్టుకోవయ్యా" అని ఆవిడ అనడం. కొట్టుకొచ్చిన వాళ్ళకి ఇదొక వేడుక. పక్క కొట్లో బట్టలు ఇస్త్రీ చేసే ఆయన, ఆవిణ్ణి అక్కా అనీ మాస్టారిని బావా అనీ పిలిచేవాడు, ఈ తగువు వినడానికే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చేవాడు.

అలాంటి మాస్టారు ఒక రోజు పొద్దున చొక్కా వీపు మీద సుద్దతో గీత గీస్తూ సగంలో ఆపేశాడు. ఆవిడ చూసేసరికి సుద్ద చేతిలోనే ఉంది, మనిషి మాత్రం ఎడమ పక్కకి ఒరిగిపోతున్నాడు. ఇస్త్రీ తమ్ముడు పరిగెత్తుకొచ్చి పట్టుకోకపోతే బల్ల కొస తలకి తగిలేదే.

ఆసుపత్రిలో రెండు రోజులు గడిచాక మాస్టారు కళ్ళు తెరిచాడు. మాట కాస్త ముద్దగా వచ్చింది గాని, వచ్చింది. మంచానికి కుడి పక్కన కూతురు, ఎడమ పక్కన కాజాలమ్మ. మూడో రోజున ఆవిడ ఆయన ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది.

"మీ అమ్మ ఏదే?" అన్నాడాయన కూతుర్ని.

"ఇక్కడే ఉన్నా కదయ్యా!" అంది కాజాలమ్మ.

మాస్టారు గబుక్కున కుడి పక్కకి తిరిగి చూశాడు. కూతురి వెనక చూశాడు. దిండెత్తి దాని కింద కూడా చూశాడు. "గొంతు వినబడుతోంది, మనిషి కనబడదేం? ఎక్కడ దాక్కుందీ?" అన్నాడు. తర్వాత ఆవిడ పట్టుకున్న తన చెయ్యే తన ఒంటి మీదికి జరిగి తగిలితే, కూతురితో రహస్యంగా, "ఇదెవరి చెయ్యో ఇక్కడ మర్చిపోయారు. ఇస్త్రీవాడిదై ఉంటుంది, వాడికి మతిమరుపు. ఇచ్చెయ్" అన్నాడు.

కూతురు నవ్వాపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. కాజాలమ్మకి మాత్రం తల కొట్టేసినట్లయింది. నలభై ఏళ్ళలో ఎన్నోసార్లు కసిరాడు, అలిగాడు, రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నాడు. కానీ పక్కనే ఉన్న మనిషిని లేనట్టు చూడడం ఎప్పుడూ లేదు.

అప్పుడు వచ్చింది థెరపీ పిల్ల. చిన్నది, సన్నగా ఉంటుంది, నడక మాత్రం తుఫాను. రోగుల చేత చేతులూ కాళ్ళూ కదిలించి, పనులు మళ్ళీ నేర్పించడం ఆ పిల్ల ఉద్యోగం. దాని సంచిలో ప్లాస్టిక్ మెదడొకటి ఉంది, ముక్కలు ముక్కలుగా ఊడివస్తుంది.

"కళ్ళు పోయాయా అమ్మాయ్?" అంది కాజాలమ్మ.

"కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. కళ్ళు చూసినదాన్ని అందుకునేది ఇదిగో, తల వెనక భాగం. అదీ బాగుంది."

"ముందు కళ్ళు పెట్టి వెనకెక్కడో చూపు పెట్టడమేమిటీ? ఎవరు కత్తిరించారో గాని, కొలతలు తీసుకోకుండా కత్తిరించారు."

థెరపీ పిల్ల నవ్వి, ఇంకో ముక్క ఊడదీసింది. "ఇది ఎడమ పక్క. చాలామందికి మాట ఇక్కడుంటుంది. మాస్టారికి దెబ్బ ఇక్కడ తగల్లేదు, అందుకే మాటలు పోలేదు."

"పోకపోవడం నేనూ వింటూనే ఉన్నాలే."

"దెబ్బ తగిలింది ఇటు, కుడి పక్క, చెవికి పైన కాస్త వెనగ్గా. కుడి మెదడు చూసుకునేది ఎడమ ఒంటిని. ఇది అర్థం కావడానికి మాకు చదువుకునేటప్పుడు..."

"దానికేముందీ, గుడ్డ తిరగేస్తే కుడి ఎడమవుతుంది. చెప్పు."

థెరపీ పిల్ల ఆవిణ్ణి మళ్ళీ కొత్తగా చూసింది. "ఏది ఎక్కడుందో చూసుకునే చోటు ఇది. చూపు వస్తోంది, అందుకుని 'ఇదిగో చూడు' అని చెప్పేవాడు లేడు. అటువైపు లోకం ఉందనే ఆయనకి తోచదు."

"అటు చీకటిగా కనబడుతుందా పాపం?"

"చీకటీ ఉండదమ్మా. ఇప్పుడు మీ వీపు వెనక మీకేం కనబడుతోంది? నల్లగా ఉందా?"

కాజాలమ్మ ఆలోచించింది. నల్లగా లేదు. ఏమీ లేదు. వెతకాలనే అనిపించదు.

"ఆయనకి ఎడమంతా అలా ఉంది."

కాజాలమ్మ చదివింది తక్కువ, చూసి కుట్టింది ఎక్కువ. కొట్టుకెళ్ళి గుడ్డపీలికల మూట విప్పి, వారం తిరిగేసరికి ఒక మెదడు కుట్టేసింది. ముందు భాగానికి బూడిద రంగు కోటు గుడ్డ, అది ఆలోచించి అడుగు వేయించే చోటట, కాస్త మర్యాదగా ఉండాలి కదా. మాట ఉండే ఎడమ పక్కకి నీలం చొక్కా గుడ్డ. వెనక చూపుకి నిగనిగలాడే లైనింగు. జ్ఞాపకాలు చెవుల లోతట్టున ఉంటాయంటే, దూది కూరేటప్పుడు అక్కడొక ముత్యపు గుండీ దాచిపెట్టింది. అడుగున వెనగ్గా, గీతలు గీతలుగా ఉండే చిన్నమెదడుకి గీతల గుడ్డే వేసింది. దెబ్బ తగిలిన కుడి పక్క చోటు మాత్రం ఏ గుడ్డ వెయ్యాలో తోచక ఎర్ర దారంతో వదులుగా పోగులేసి వదిలేసింది.

థెరపీ పిల్ల దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పి, "నా ప్లాస్టిక్‌దానికన్నా ఇదే నయం" అంది. గీతల గుడ్డ మీద వేలు పెట్టి, "ఇదీ, ఇంకా లోపల నడుమ ఉండే కొన్ని ముద్దలూ కలిసి చేతి అలవాట్లని కాపాడతాయి. సైకిలు తొక్కడం, సూదిలో దారం ఎక్కించడం. మనం మరిచిపోయామనుకున్నా అవి మరిచిపోవు" అంది. కాజాలమ్మ ఆ మాట విని, తలూపి, తక్కిన మాటలతో పాటు ఎక్కడో దాచేసుకుంది.

ఇంటికొచ్చాక అసలు సంగతి మొదలైంది. మాస్టారు పళ్ళెంలో కుడి సగం తిని, ఎడమ సగం అలాగే వదిలేసి, "ఇంతేనా? ఆకలి తీరలేదే" అనేవాడు. గడ్డం కుడి చెంప గీసుకుని లేచేవాడు. కుడి చెప్పు తొడుక్కుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఉత్త కాలితో వీధిలోకి బయలుదేరేవాడు.

ఆవిడ ఊరుకోలేదు. ఆలోచించింది. టైలరుకి ఏం తోస్తుంది? మడత తోస్తుంది! చొక్కా వీపు ఎప్పుడైనా మొత్తం గీస్తారా? గుడ్డని మడత పెట్టి సగమే గీస్తారు, రెండు పొరలూ కలిపి కత్తిరిస్తారు, విప్పితే నిండు వీపు. అలాగే అన్నీ మడిచేసింది. పళ్ళెంలో అన్నమంతా కుడి పక్కకే వడ్డించింది. మంచం గోడకి జరిపి, ఇంట్లో వాళ్ళందరూ కుడి పక్క నుంచే వచ్చేలా చేసింది. తనూ కుడి పక్కకే మారింది. కొట్లో మడత పెట్టిన గుడ్డని బల్లకి కుడి చివర పరిచి, తను అక్కడే నిలబడి పట్టుకుంటే, మాస్టారు కుడి చేత్తో సగం గీసి, సగం కత్తిరించాడు. విప్పితే చొక్కా!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అందరూ ముచ్చటపడ్డారు. "బావకి దెబ్బ తగిలిందని ఎవరనగలరు?" అన్నాడు ఇస్త్రీ తమ్ముడు. కూతురు తల్లిని కావలించుకుంది. మాస్టారైతే, "నాకేమైందని ఈ హడావుడి?" అని అందరి మీదా ఎగిరాడు. కాజాలమ్మ పొంగిపోయింది. పొంగు లోపల చిన్న ముల్లొకటి ఉంది గాని, దాన్ని బయటికి తీసి చూడలేదు. ఆవిడ తన మిషను దగ్గర కూర్చున్న మరుక్షణం ఆయనకి లేకుండా పోతోంది. అందుకే కూర్చోవడం మానేసింది. మిషను మీద గుడ్డ కప్పేసింది.

రెండు నెలలయ్యాక థెరపీ పిల్ల కొట్టుకే వచ్చింది. గొప్పలన్నీ విన్నది, కుట్టిన చొక్కాలు చూసింది, మిషను మీది గుడ్డ కూడా చూసింది. మడత లేని పెద్ద గుడ్డముక్క బల్ల నిండా పరిచి, "మాస్టారూ, నాకో చొక్కా బొమ్మ గీసిపెట్టండి" అంది.

మాస్టారు హుషారుగా సుద్ద అందుకున్నాడు. కాలరు ఒక కొన, ఒక భుజం, ఒక చెయ్యి, ఒక జేబు. గీసి, సుద్ద దులుపుకుని, "ఇదిగో నీ చొక్కా. కొలతలు అడక్కు, కంటితోనే తీసుకున్నా" అన్నాడు.

బల్ల మీద సగం చొక్కా ఉంది. రెండో సగం ఉండాల్సిన చోట ఉత్త తెల్లగుడ్డ. దాన్ని చూసి ఆయన నవ్వుతున్నాడు.

థెరపీ పిల్ల కాజాలమ్మని గుమ్మం బయటికి తీసుకెళ్ళింది. "అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీరు ఆయన లోకాన్ని మడత పెట్టేశారు. అన్నీ కుడి పక్కకే వస్తుంటే ఎడమకి తిరగాల్సిన అవసరం ఆయనకేముంది?"

"ఆకలితో లేస్తున్నాడు తల్లీ. చూస్తూ ఊరుకోమంటావా?"

"ఊరుకోమనడం లేదు. ఎడమకి వెళ్ళి అక్కణ్ణుంచి పిలవండి. మెదడు పాత దారి పోతే కొత్తది వెతుక్కుంటుంది, కానీ వెతికే పని పడాలి. మొదటి కొన్ని నెలల్లోనే అది బాగా వెతుకుతుంది. తర్వాత కూడా వెతుకుతుంది, ఓపిగ్గా, మెల్లిగా." తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గించి, "మీ చోటు ఎడమవైపే కదమ్మా? అక్కడికే వెళ్ళి కూర్చోండి" అంది.

ఎవరైనా ఊళ్ళోంచి పొమ్మంటే పోవచ్చు. ఉన్న చోటే ఉండి లేకుండా పొమ్మంటే ఎలా? కాజాలమ్మ మిషను మీద గుడ్డ తీసి కూర్చుంది.

వారం రోజులు. పళ్ళెంలో అన్నం మళ్ళీ రెండు పక్కలా వడ్డించి, ఎడమ అంచుకి ఎర్ర గుడ్డముక్క కట్టి, "ఎరుపు కనబడేదాకా చూడవయ్యా" అనేది. ఆయన ఒకసారి చూసేవాడు, తొమ్మిదిసార్లు మరిచేవాడు. కొట్లో అయితే మరీ అన్యాయం. ఆవిడ నాలుగడుగుల దూరంలో టకటకా మిషను తొక్కుతూ ఉంటే, మాస్టారు వీధి వైపు చూస్తూ ఇస్త్రీ తమ్ముడితో, "మీ అక్క ఎటు పోయిందిరా? పొద్దుట్నుంచీ జాడ లేదు. ఈ మధ్య తిరుగుడు ఎక్కువైంది" అన్నాడు.

"అదిగో బావా, నీ పక్కనే."

మాస్టారు కుడి పక్క చూసి, "నీకు కళ్ళద్దాలు కావాల్రా" అన్నాడు.

ఆ సాయంత్రం కూతురు బతిమాలింది. "అమ్మా, కుడి పక్కకి వచ్చెయ్. ఆయన సుఖంగా ఉంటాడు, నువ్వూ సుఖంగా ఉంటావు. ఏం పోతుంది చెప్పు?"

"నేనే పోతాను" అంది కాజాలమ్మ. "ఏదో ఒక పక్కన కనబడడం కాదే. ఆయన లోకంలో సగం తగ్గితే నాకేం, మడిచి పెడతా. ఆ తగ్గిన సగంలో నేనున్నానే!"



మర్నాడు ఆవిడ గుడ్డమెదడు ఒళ్ళో పెట్టుకుని, ఏ ముక్క ఏమిటో మళ్ళీ తడుముకుంది. బూడిద రంగు బాగానే ఉంది, ఆయన ఎత్తులు ఆయన వేస్తూనే ఉన్నాడు. నీలం రంగు, చెప్పక్కర్లేదు. ముత్యపు గుండీ, లాయరు గారి కోటు ఏ రంగో అడిగితే ఇప్పటికీ చెబుతాడు. ఎర్రపోగుల దగ్గర వేలు ఆగింది, ముందుకి జరిగింది. గీతల గుడ్డ. మనం మరిచినా ఇది మరవదట. ఏం మరవదు? ఆయన చెయ్యి ఏం మరవదు?

మెడలో వేలాడుతున్న టేపు మీదికి ఆవిడ చూపు పోయింది.

ఆ వారమే ఒక బడివాళ్ళు నాటకాల స్టేజీకి తెరలు కుట్టమని గుడ్డ ఇచ్చి వెళ్ళారు. అరవై అంగుళాల పన్నా, అంత వెడల్పున్న ముదురు ఆకుపచ్చ గుడ్డ. కాజాలమ్మ దాన్ని బల్ల మీద, పన్నా ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చేలా పరిచింది. టేపు రెండో కొస మాస్టారి కుడి చేతిలో పెట్టి, వెనక్కి తిరక్కుండా తన చోటికి వెళ్ళి, ఇత్తడి ముక్క ఎడమ అంచు మీద పెట్టింది. ఏమీ అనలేదు.

మాస్టారి చెయ్యి దానంతటదే టేపుని బిగించి లాగింది. నోరూ దానంతటదే తెరుచుకుంది.

"పట్టావా?"

"పట్టా" అంది కాజాలమ్మ. అని, బొటనవేలు మీద వేసి, ఎప్పటి కన్నా కాస్త ఎక్కువే నొక్కి, ఇత్తడి ముక్కని అర అంగుళం లోపలికి జరిపింది.

మాస్టారు కుడి అంచు మీదికి వంగి అంకె చూశాడు. మొహం చిట్లించాడు. మళ్ళీ చూశాడు. "యాభై తొమ్మిదిన్నర" అన్నాడు. "అరవై పన్నా గుడ్డ యాభై తొమ్మిదిన్నర ఎలా అవుతుందీ?"

"ఏమో నాకేం తెలుసు, టేపునే అడుగు" అంది ఆవిడ.

ఆయన వేలు టేపు మీద పెట్టాడు. యాభై తొమ్మిది. యాభై ఎనిమిది. అంకెల వెంట వేలు, వేలు వెంట కళ్ళు. యాభై. నలభై. గుమ్మంలో ఇస్త్రీ తమ్ముడు వచ్చి నిలబడ్డాడు, ఆవిడ కళ్ళతోనే నోరు మూయించింది. ముప్ఫై దగ్గర వేలు ఆగింది. బల్ల నడుమ అది. ఈ రెండు నెలలుగా లోకం అక్కడితో ఆఖరు. ఆయన తల కుడి పక్కకి మళ్ళబోయింది.

కానీ ముప్ఫై తర్వాత ఇరవై తొమ్మిది ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పించలేరు. నలభై ఏళ్ళు టేపు చదివిన వేలు ఊరుకోలేకపోయింది. "ఇరవై తొమ్మిది" అన్నాడు. ఒక అడుగు వేశాడు, ఎడమ కాలు ఈడ్చుకుంటూ. ఇరవై. పదిహేను. తల తిరుగుతోంది, మెడ తిరుగుతోంది, కిటికీ వెలుగు మొహాన పడి కళ్ళు చికిలించాడు. తొమ్మిది. నాలుగు. ఒకటి.

బొటనవేలు.

దాన్ని పట్టుకుని ఎత్తాడు. "అర అంగుళం మింగేశావే!"

అని, ఆ వేలు ఎక్కడ నుంచి వచ్చిందో దాని వెంటే పైకి చూశాడు. చెయ్యి, మోచెయ్యి, భుజం. అక్కడ కాజాలమ్మ ఉంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఒకటి టేపు మీద, ఒకటి ఆయన చేతిలో.

మాస్టారు కాసేపు అలాగే చూశాడు. "ఎప్పుడొచ్చావే?" అన్నాడు మెల్లిగా.

"వచ్చి నలభై ఏళ్ళయిందయ్యా."

"మరి చెప్పొద్దూ?"

గుమ్మంలో ఇస్త్రీ తమ్ముడు ముక్కు చీదిన చప్పుడైంది. "మీ గొడవలో పడి అక్కడ నా బట్ట మాడిపోతోంది" అనుకుంటూ పరిగెత్తాడు.

ఆ ఒక్క కొలతతో మాస్టారు బాగైపోయాడని కాదు. మర్నాడు మళ్ళీ మరిచాడు, ఆవిడ మళ్ళీ టేపు పట్టించింది. పళ్ళెం కింద ఒక టేపు, అద్దం కింద ఒకటి, మంచం అడ్డపట్టె మీద ఒకటి, ఇత్తడి ముక్కలన్నీ ఎడమకే ఉండేలా అతికించింది. ఆయన అన్నం తింటూ అంకెలు లెక్కపెట్టుకుంటూ సున్నా దాకా వస్తున్నాడు. థెరపీ పిల్ల ఇదంతా చూసి, గుడ్డమెదడుని కొన్నాళ్ళు అరువిమ్మని అడిగింది. కాజాలమ్మ ఇచ్చే ముందు ఎర్రపోగులు వేసిన చోట రెండు కుట్లు బిగించింది. రెండే. తక్కినవి వదులుగానే ఉంచింది.

"ఇంకా కుట్టరా?" అంది ఆ పిల్ల.

"తొందరేముందీ, ఎన్ని బిగిస్తే అన్ని."

తెర కొలత మాత్రం ఇంకా మిగిలే ఉంది. మాస్టారు టేపు అందుకుంటూ ఎడమ చెయ్యి వైపు చూశాడు. అది బల్ల మీద నిద్రపోతున్న పిల్లిలా పడుంది. చాలాసేపు దాన్ని పరీక్షగా చూసి, "ఏమే, ఈ చెయ్యి" అన్నాడు.

"ఎవరిదయ్యా? ఇస్త్రీ తమ్ముడిదా?"

"ఛ, వాడి చెయ్యి ఇంత బాగా ఉంటుందా" అన్నాడు మాస్టారు. "నాదే అయ్యుంటుంది. పట్టావా?"

"పట్టా" అంది కాజాలమ్మ. ఈసారి అంచు మీద సరిగ్గానే పట్టుకుంది. మాస్టారు నమ్మలేదు. చూడ్డానికి వచ్చాడు.